ఆగిన బండికీ పన్ను నడుస్తుంది: లారీ ఓనర్ల సంఘాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని లారీ, టిప్పర్, డీసీఎం, టూరిస్టు బండ్ల ఓనర్ల సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకు,

నమస్కారం.

డీజిల్ ధర మీద, టోల్ మీద, ఓవర్‌లోడ్ కేసుల మీద మీరు గట్టిగానే కొట్లాడుతున్నారు. కొట్లాడాలి కూడా. అయితే మీ సభ్యుల జేబులోంచి ఊరికే పోయే డబ్బు ఇంకొకటుంది. దాన్ని ఆపడానికి ధర్నా అక్కర్లేదు, మంత్రిగారి అపాయింట్‌మెంటు అక్కర్లేదు. అదే క్వార్టర్లీ టాక్స్ (మూడు నెలలకోసారి కట్టే బండి పన్ను) మీద పడే పెనాల్టీ. రవాణా బండ్ల కాగితాల పని చేసేవాళ్లం కాబట్టి మాకు కనిపిస్తున్నది సూటిగా చెబుతాం: రోజూ రోడ్డెక్కే బండికి ఓనరు ఎలాగోలా పన్ను కట్టేస్తాడు, కట్టకపోతే చెకింగ్‌లో ఆపేస్తారని భయం. పెద్ద పెద్ద బకాయిలు తేలేది షెడ్డులో పడున్న బండ్ల మీద. "బండే తిరగనప్పుడు టాక్స్ ఎందుకు?" అనే ఒక్క మాట దగ్గర చిన్న ఓనర్లు మునిగిపోతున్నారు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది, రాష్ట్రాల జాబితాలో 57వ అంశం. మనకు వర్తించేది 1963 నాటి మోటారు వాహనాల పన్నుల చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా అదే చట్టాన్ని తన పేరుతో కొనసాగించింది. దాని 3వ సెక్షన్ ప్రకారం పన్ను పడేది బహిరంగ స్థలంలో "వాడుతున్న" బండి మీద ఒక్కటే కాదు, "వాడకానికి ఉంచుకున్న" బండి మీద కూడా. గొడవంతా ఈ రెండో మాట దగ్గరే. ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో 12-ఎ అని ఒకటుంది. ఈ బండిని ఇక నడపను అని ఓనరు ముందుగా రాతపూర్వకంగా రవాణా కార్యాలయానికి తెలిపితే తప్ప, ఆ బండి వాడకానికి ఉంచినట్టే లెక్క అని దాని సారాంశం. అంటే బండి ఆగిందని నిరూపించుకునే భారం ఓనరుదే. అది కూడా ఆగిన తర్వాత కాదు, ఆపకముందే.

దీన్నే మనవాళ్లు స్టాపేజ్ పెట్టడం అంటారు. మాట అందరికీ తెలుసు. పెట్టేవాళ్లు మాత్రం తక్కువ, టైముకు పెట్టేవాళ్లు ఇంకా తక్కువ.

తేదీలు ఒకసారి గుర్తు చేస్తాం. క్వార్టర్లు ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి ఒకటో తేదీలతో మొదలవుతాయి. పన్ను ముందుగా కట్టాల్సిందే, అయినా మొదటి నెల గడువిస్తారు. కాబట్టి పెనాల్టీ లేకుండా కట్టడానికి చివరి రోజులు ఏప్రిల్ 30, జులై 31, అక్టోబరు 31, జనవరి 31. ఈ నాలుగు తేదీలూ చాలామందికి నోటికే వచ్చు. స్టాపేజ్‌కు ఈ తేదీలు పనికిరావని మాత్రం తెలియదు. స్టాపేజ్ అర్జీ పాత క్వార్టరు ముగిసేలోపే పడాలి. అంటే మార్చి 31, జూన్ 30, సెప్టెంబరు 30, డిసెంబరు 31. "గడువు నెలాఖరు దాకా ఉంది కదా, అక్టోబరు 20న రాసిద్దాం" అనుకున్నవాడికి అక్టోబరు–డిసెంబరు పన్ను అప్పటికే మీద పడిపోయింది. గడువు ఇచ్చింది కట్టడానికే, ఎగవేయడానికి కాదు. ఒకటో తేదీన బండి వాడకానికి ఉన్నట్టు లెక్కలోకి వచ్చిందంటే ఆ క్వార్టరు మొత్తం కట్టాల్సిందే.

పెనాల్టీ సంగతి. చట్టంలోని 6వ సెక్షన్ క్వార్టరు పన్నుకు రెండింతల దాకా పెనాల్టీ వేసే వీలిచ్చింది. ఎవరూ పట్టుకోకముందే ఓనరు తనంతట తాను వచ్చి కడితే పెనాల్టీ తక్కువ, ఆలస్యమైనకొద్దీ పెరుగుతుంది. చెకింగ్‌లో దొరికితే లెక్క మారిపోతుంది. క్వార్టరు పన్ను 10,000 రూపాయలనుకోండి. పైహద్దు దాకా వేశారంటే పెనాల్టీ 20,000, అసలు 10,000, మొత్తం 30,000. నాలుగు క్వార్టర్లు అలా వదిలేసిన బండికి ఎంతవుతుందో మీ సభ్యులు వేళ్ల మీదే లెక్కేసుకోగలరు. ఒక పాత పది టైర్ల లారీకి ఇలా రెండు మూడేళ్లు వదిలేస్తే బండి అమ్మినా బకాయి తీరని స్థితి వస్తుంది. కట్టకపోతే బండి సీజ్ చేసే అధికారం ఉంది, రెవెన్యూ బకాయి లాగా వసూలు చేసే అధికారమూ ఉంది. ఇవేవీ జరక్కపోయినా, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికేట్‌కు) వెళ్లినా, పర్మిట్ రెన్యువల్‌కు వెళ్లినా, పేరు మార్పిడికి వెళ్లినా, వేరే జిల్లాకో రాష్ట్రానికో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడిగినా కంప్యూటరు ముందు పన్ను బాకీనే చూపిస్తుంది. అక్కడ బతిమాలినా లాభం లేదు.

స్టాపేజ్ అర్జీలో ఏం ఉండాలో కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే సగం అర్జీలు చెల్లకుండా పోయేది రాసిన తీరు వల్లే. "బండి రిపేరులో ఉంది, దయచేసి టాక్స్ మినహాయించగలరు" అని రెండు లైన్లు రాసిస్తే అది విన్నపమే గాని స్టాపేజ్ కాదు. ఇలా ఉండాలి:

"నా పేర రిజిస్టరైన ఫలానా నంబరు గూడ్స్ బండికి, ఛాసిస్ నంబరు ఫలానా, సెప్టెంబరు 30 వరకు పన్ను చెల్లించాను. ఇంజన్ బోరు పని వల్ల అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు ఈ బండిని రోడ్డు మీద నడపను. ఈ కాలంలో బండి ఫలానా గ్రామం, ఫలానా వీధిలో, ఫలానా వారి షెడ్డులో నిలిపి ఉంటుంది. ప్రస్తుతం మీటరు రీడింగ్ ఇంత. అధికారులు ఎప్పుడు వచ్చినా చూపిస్తాను. ముందుగా తెలపకుండా చోటు మార్చను, పన్ను కట్టకుండా రోడ్డెక్కించను."

దీనికి ఆర్‌సీ, పర్మిట్, పన్ను కట్టిన చివరి రసీదు జత చేయాలి. ఆర్‌సీ, పర్మిట్ ఆఫీసులో అప్పగించమని అడిగితే అప్పగించి, వాటికి కూడా రాతలో రసీదు తీసుకోవాలి. అర్జీ రెండు కాపీలు. ఒకదాని మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోనిదే కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు. ఆ ముద్ర మీది తేదీయే రేపు మీ సభ్యుణ్ని కాపాడేది. కౌంటరులో "తీసుకోం" అంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోవాలి.

మీటరు రీడింగ్ రాయమని మిమ్మల్ని ఎవరూ అడగకపోవచ్చు. అయినా రాయమంటున్నాం. మూడు నెలల తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (రవాణా శాఖ తనిఖీ అధికారి) వచ్చి చూసినప్పుడు అదే రీడింగ్ ఉంటే వాదన అక్కడితో ముగుస్తుంది. పక్కనే ఫాస్టాగ్ స్టేట్‌మెంటు కూడా పెట్టుకుంటే మంచిది, ఆ మూడు నెలల్లో ఒక్క టోల్ కూడా పడలేదని బ్యాంకు కాగితమే చెబుతుంది. అదే ఫాస్టాగ్ ఎదురు తిరిగే సందర్భమూ ఉంది. స్టాపేజ్‌లో ఉందని రాసిచ్చి, పండగ సీజన్లో కిరాయి బాగుందని ఒక్క ట్రిప్పు వేశారంటే టోల్ రికార్డులో టైముతో సహా ఉంటుంది. సరుకు వేస్తే ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే బిల్లులో) బండి నంబరు కూడా ఉంటుంది. అప్పుడు ఆ ట్రిప్పుకు మాత్రమే కాదు, స్టాపేజ్ పెట్టిన కాలం మొత్తానికీ పన్ను, పెనాల్టీ అడుగుతారు. అలాగే, తన బండి స్టాపేజ్‌లో ఉండగా ట్రాన్స్‌పోర్టు ఆఫీసువాడు ఈ-వే బిల్లులో పొరపాటున ఆ నంబరు కొట్టలేదు కదా అని కూడా చూసుకోవాలి. ఒకే ఓనరుకు మూడు నాలుగు బండ్లుంటే ఇది జరుగుతూనే ఉంటుంది.

చోటు మార్చడం ఇంకో తిరకాసు. బండి మొదట మెకానిక్ షెడ్డులో ఉంటుంది, బిల్లు కట్టలేదని వాడు బయట పెట్టిస్తాడు, అక్కణ్నుంచి బంధువుల తోటలోకి పోతుంది. ఇన్‌స్పెక్టర్ అర్జీలోని చిరునామాకు వెళ్తే బండి ఉండదు. "లేదు" అని రిపోర్టు రాస్తే స్టాపేజ్ పోయినట్టే. మార్చేముందు ఒక్క లైను రాసి ముద్ర వేయించుకుంటే సరిపోయేది. ఇంజన్ విప్పిన బండి తనంతట తాను కదలదు కాబట్టి తోసుకెళ్లారా, క్రేన్‌తో లాగించారా అనేది కూడా రాసి క్రేన్ బిల్లు పెట్టుకోండి. స్టాపేజ్ ఎంత కాలానికి రాశారో అది ముగిసేలోపు, బండి ఇంకా సిద్ధం కాకపోతే, మళ్లీ రాసివ్వాలి. ఒకసారి రాసి ఏడాదంతా నిశ్చింతగా ఉన్నవాళ్లే తర్వాత లబోదిబోమంటారు.

సుప్రీంకోర్టు తీర్పు గురించి ఈ మధ్య సంఘాల గ్రూపుల్లో బాగా తిరుగుతోంది కాబట్టి దాని సంగతి కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 29న జస్టిస్ మనోజ్ మిశ్రా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే తీర్పిచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారం సెంట్రల్ డిస్పాచ్ యార్డు లోపల మాత్రమే తిరిగే 36 బండ్ల మీద ఒక లాజిస్టిక్స్ కంపెనీ కట్టిన 22,71,700 రూపాయల పన్నును తిరిగివ్వాలన్నది. ఆ యార్డు చుట్టూ గోడ ఉంది, గేట్ల దగ్గర కేంద్ర బలగాల కాపలా ఉంది, అనుమతి లేనిదే ఎవరూ లోపలికి పోలేరు, కాబట్టి అది బహిరంగ స్థలం కాదు, అక్కడే తిరిగే బండికి ఆ కాలంలో పన్ను పడదు అని కోర్టు చెప్పింది. మంచి తీర్పే. కాని "ఇంటి దగ్గర నిలిపిన లారీకి టాక్స్ లేదట" అని దాన్ని వాట్సాప్‌లో తిప్పుతున్నారే, అక్కడే అసలు ప్రమాదం. పెట్రోలు బంకు పక్కనో, బైపాస్ మీదో, ఊరి చివరి ఖాళీ జాగాలోనో నిలిపిన లారీకి ఈ తీర్పు పనికిరాదు. ఆ కంపెనీ ముందే మినహాయింపు అడిగింది, పన్ను కట్టి మరీ కొట్లాడింది, హైకోర్టులో సింగిల్ జడ్జి దగ్గర గెలిచి, డివిజన్ బెంచి దగ్గర ఓడి, ఢిల్లీ దాకా వెళ్లింది. మీ సభ్యుల్లో క్వారీలోపల, ఫ్యాక్టరీ గోడల మధ్య, పోర్టు యార్డులోపల మాత్రమే టిప్పర్లు నడిపేవాళ్లు ఉంటే ఈ తీర్పు వాళ్లకు పనికొస్తుంది. గేటు రిజిస్టరు, కాంట్రాక్టు కాగితం, బండి ఆ ఆవరణ దాటలేదన్న యాజమాన్యం ధ్రువపత్రం పెట్టుకుని ముందుగా అర్జీ పెట్టాలి. నెలకోసారి డీజిల్ కోసం బయటి బంకుకు వచ్చే టిప్పరుకు ఈ వాదన నిలబడదు.

ఆగిన బండ్లలో ఇంకా కష్టమైన రకాలున్నాయి. మొదటిది ఫైనాన్స్ వాళ్లు ఎత్తుకుపోయిన బండి. కిస్తీలు తప్పాయి, యార్డుకు తోలుకుపోయారు, ఓనరు ఆశ వదిలేసుకున్నాడు. ఆర్‌సీ మీద పేరు మాత్రం ఇంకా అతనిదే. పన్ను నోటీసు ఆ పేరు మీదే వస్తుంది. ఫైనాన్స్ కంపెనీ ఆర్‌సీని తన పేరుకు మార్పించుకోవడానికి ఫారం 36 ఉంది. కాని బండి వేలం వేసేదాకా ఆ పని చేయడానికి వాళ్లకు తొందరేమీ ఉండదు. కాబట్టి బండి తీసుకెళ్లిన రోజే వాళ్ల దగ్గర తేదీతో స్వాధీన కాగితం, ఇన్వెంటరీ తీసుకుని, దాని నకలుతో రవాణా కార్యాలయానికి రాసివ్వాలి. కంపెనీకి కూడా స్పీడ్ పోస్టులో "ఈ తేదీ నుంచి బండి మీ స్వాధీనంలో ఉంది, పన్ను బాధ్యత మీదే" అని రాయాలి. చట్టం రిజిస్టర్డ్ ఓనరుతోపాటు బండి ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లను కూడా బాధ్యుల్ని చేస్తుంది కాబట్టి ఈ ఉత్తరం వృథా కాదు. చిన్న ఓనరు ఒక్కడే రాస్తే పట్టించుకోని కంపెనీ, సంఘం లెటర్‌హెడ్ మీద రాస్తే పట్టించుకుంటుంది. మీ లెటర్‌హెడ్‌కు ఇంతకన్నా మంచి ఉపయోగం ఏముంటుంది?

యాక్సిడెంటై పోలీస్ స్టేషన్లో ఉన్న బండిదీ ఇదే దారి. ఎఫ్ఐఆర్, పంచనామా నకళ్లు పెట్టి రాసివ్వాలి, విడుదలైన రోజున మళ్లీ రాయాలి.

రెండోది స్టాంపు కాగితం మీద అమ్మిన బండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి తేదీ వేయకుండా ఇచ్చేస్తారు, కొన్నవాడు ఇంకొకడికి అమ్ముతాడు, ఆ ఇంకొకడు పన్ను కట్టడు. కేంద్ర మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. కొన్నవాడు మార్పించుకోకపోయినా, అమ్మినవాడు తన ఫారం 29ని ముద్రతో ఆఫీసులో పడేస్తే తర్వాతి బకాయి విషయంలో చెప్పుకోవడానికి ఒక ఆధారమైనా ఉంటుంది.

మూడోది మాకు మరీ బాధ కలిగించేది: ఆటోనగర్‌లో ముక్కలు చేసి అమ్మేసిన బండి. ఇంజన్ ఒకరికి, గేరుబాక్సు ఒకరికి, తొట్టె ఇంకొకరికి పోయింది, ఇనుము తూకానికి పోయింది. బండి లోకంలో లేదు, కంప్యూటరులో ఉంది, క్వార్టరు క్వార్టరుకూ దాని మీద పన్ను పేరుకుంటూనే ఉంది. పూర్తిగా పాడైన బండి విషయం 14 రోజుల్లో తెలిపి ఆర్‌సీ అప్పగించి రద్దు చేయించుకోవాలని 55వ సెక్షన్ చెబుతుంది. ముక్కలు చేయకముందే ఛాసిస్ నంబరు పంచింగ్ ఫోటో తీసుకుని, ఆఫీసుకు చూపించి రద్దు చేయించాలి. 2021 నుంచి రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి, అక్కడ బండి అప్పగిస్తే సర్టిఫికేట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. పాతసామాన్ల కొట్టువాడు రెండు వేలు ఎక్కువిస్తాడని కాగితం లేకుండా ఇచ్చేస్తే ఆ రెండు వేలకు పది రెట్లు తర్వాత కట్టాల్సి రావచ్చు. రద్దు చేయించాలంటే పాత బాకీ తీర్చాలి కదా అని వెనకాడేవాళ్లుంటారు. నిజమే, తీర్చాలి. కాని బాకీ అక్కడితో ఆగుతుంది.

స్కూలు బస్సుల వాళ్లకు ఒక్క మాట. వేసవి సెలవులు కదా అని ఏప్రిల్–జూన్ క్వార్టరుకు స్టాపేజ్ పెడదామనుకుంటారు. బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, ఆ రోజు బస్సు రోడ్డెక్కితే ఆ క్వార్టరు వాడకం మొదలైనట్టే. పైగా స్కూలు బస్సుల ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది, కొత్త ఎఫ్‌సీకి వెళ్లాలంటే పన్ను కట్టి ఉండాలి. కాబట్టి ఈ లెక్క ఎటు చూసినా కలిసిరాదు, ఏప్రిల్‌లోనే కట్టేయడం మేలు.

ఇసుక, ఇటుక, ధాన్యం మీద ఆధారపడే బండ్లకు మాత్రం స్టాపేజ్ నిజంగా లాభమే. వానాకాలంలో ఇసుక తవ్వే రీచ్‌లు మూసేస్తారు, ఇటుక బట్టీలు ఆగుతాయి. జులై–సెప్టెంబరు మూడు నెలలూ పని లేదని జూన్ మొదట్లోనే తెలిసిపోతుంది. అప్పుడే సభ్యులందరివీ ఒకేసారి రాయించి, జూన్ 30 లోపు సంఘం మనిషి ఒకడు వెళ్లి ముద్రలు వేయించుకొస్తే చాలు. ఇక్కడే సంఘం ఉందంటే అర్థం.

నడిచే బండ్ల పన్ను కట్టే పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు గాని, పదే పదే జరిగే తప్పులు మూడు నాలుగున్నాయి. ఆన్‌లైన్లో నంబరు తప్పు కొట్టడం. సిరీస్ ఒకటే, చివరి అంకె తేడా, ఎవరి బండికో పన్ను కట్టేస్తారు. డబ్బు కట్టేముందు తెర మీద వచ్చే ఓనరు పేరు, ఛాసిస్ చివరి ఐదంకెలు చూసుకోవాలి. తర్వాత, బ్యాంకు నుంచి డబ్బు పోయి రసీదు రాకపోవడం. వెంటనే మళ్లీ కట్టొద్దు. పెండింగ్ ట్రాన్సాక్షన్ చూసే చోట స్టేటస్ తేలేదాకా ఆగాలి. దీనికి టైము పడుతుంది కాబట్టే నెలాఖరు రోజున కట్టొద్దంటున్నాం, ఇరవయ్యో తేదీని గడువనుకుంటే బండి నిశ్చింతగా తిరుగుతుంది. ఏజెంటు చేతికి డబ్బిచ్చి వాడిచ్చిన ప్రింటును నమ్మడం ఇంకో తప్పు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే "టాక్స్ అప్‌టు" అనే చోట తేదీ కనిపిస్తుంది. ఆ తేదీ మారితేనే పన్ను కట్టినట్టు, ప్రింటు చూసి కాదు. ఆ చోట తేదీకి బదులు ఎల్‌టీటీ అని ఉంటే అది లైఫ్ టాక్స్ (ఒకేసారి మొత్తం కట్టే పన్ను) బండి, దానికి క్వార్టర్లీ గొడవ లేదు. ఇక ఆర్టీవో చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును ఎవరూ తెరవకూడదు, ప్రభుత్వం పన్ను రసీదు అలా పంపదు.

మొబైల్ నంబరు సంగతి వేరుగా చెప్పాలి. చాలా బండ్ల రికార్డులో ఉన్నది షోరూము వాళ్ల నంబరో, పాత ఏజెంటు నంబరో. గడువు మెసేజీ, ఓటీపీ అన్నీ వాళ్లకే పోతాయి. సంఘం ఒక ఆదివారం పెట్టుకుని సభ్యులందరి నంబర్లూ సరిచేయించొచ్చు.

నేషనల్ పర్మిట్ మీద తిరిగేవాళ్లలో ఒక అపోహ బలంగా ఉంది. ఏటా కట్టే 16,500 రూపాయలు వేరే రాష్ట్రాల్లో తిరగడానికి కట్టే ఉమ్మడి రుసుము. సొంత రాష్ట్రపు క్వార్టర్లీ టాక్స్‌కు దానితో సంబంధం లేదు. దూరపు లోడు ఎత్తుకుని బయల్దేరేవాళ్లు గడువు నెల ఉందనుకోకుండా ఒకటో తేదీ ముందే కట్టి వెళ్లడం మంచిది. మన దగ్గరున్న నెల గడువు సంగతి నాగపూర్‌లో చెకింగ్ చేసేవాడికి తెలియాలని లేదు, వాడు చూసేది తెర మీది తేదీ. రెండు క్వార్టర్లకో, ఏడాదికో ఒకేసారి కట్టే వెసులుబాటు ఉంది. లాంగ్ రూటు బండికి అది సుఖం. పాత బండికి, అమ్మే ఆలోచన ఉన్న బండికి వద్దు, మధ్యలో ఆపితే డబ్బు వెనక్కి తెచ్చుకోవడం పెద్ద తంటా.

ఎఫ్‌సీ విషయం కూడా ఇందులో కలిసే ఉంది. ఎనిమిదేళ్ల లోపు రవాణా బండికి రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. గడువు దాటితే కేంద్ర నిబంధనల ప్రకారం రోజుకు 50 రూపాయలు అదనం, ఏడాదికి 18,250. 2022 మేలో హైదరాబాద్ ఆటోలు, క్యాబ్‌లు బంద్ చేసింది దీని మీదే. పన్ను బాకీ ఉంటే ఎఫ్‌సీ ఆగుతుంది, ఎఫ్‌సీ ఆగిన ప్రతి రోజూ ఈ యాభై పడుతుంది. రెండూ కలిసి ఎలా పెరుగుతాయో సభ్యులకు ఎవరూ చెప్పడం లేదు. ఏడేళ్లు దాటిన రవాణా బండికి గ్రీన్ టాక్స్ కూడా తోడవుతుంది.

సభ్యుల సొంత కార్లు, బైకులు ఉంటాయి కాబట్టి ఇదీ చెప్పి వదిలేస్తాం. లైఫ్ టాక్స్ కట్టాం కదా అని పదిహేనేళ్లు దాటిన బండి ఆర్‌సీ రెన్యువల్ మర్చిపోతారు. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25 మీద దరఖాస్తు చేయొచ్చు. దాటితే బైకుకు నెలకు 300, కారుకు నెలకు 500 అదనం. రెన్యువల్ రుసుమే బైకుకు 1,000, కారుకు 5,000. ఇరవయ్యేళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి అవి రెట్టింపయ్యాయి.

సంఘాలుగా మీరు రవాణా శాఖను అడగాల్సింది కూడా ఉంది. స్టాపేజ్ అర్జీ ఇచ్చిన నిమిషంలోనే నంబరుతో రసీదు రావాలి. ఇన్‌స్పెక్టర్ తనిఖీకి ఒక గడువు ఉండాలి, ఆయన రాకపోతే ఆ నష్టం ఓనరు మీద పడకూడదు. ఫైనాన్స్ కంపెనీ బండి స్వాధీనం చేసుకున్న తేదీని తానే నమోదు చేయాలి. ఇవి పన్ను తగ్గించమని అడగడం కాదు కాబట్టి ఖజానాకు నష్టమని ఎవరూ అనలేరు.

ఇప్పటికే పెనాల్టీ పడిన సభ్యుడికి ఒక దారి మిగిలి ఉంది. చట్టం ప్రకారం పెనాల్టీ రాతపూర్వక ఉత్తర్వుతో వేయాలి. కౌంటరులో నోటితో చెప్పిన అంకె విని కట్టేయకుండా, ఏ క్వార్టరుకు ఎంత పన్ను, ఎంత పెనాల్టీ, ఏ వీసీఆర్ (చెకింగ్‌లో రాసే తనిఖీ రిపోర్టు) ఆధారంగా అన్నది కాగితం మీద అడగాలి. అందులో స్టాపేజ్ పెట్టిన క్వార్టరు కలిసి ఉంటే ముద్ర కాపీ జతచేసి అభ్యంతరం రాయాలి. తప్పు లేని క్వార్టర్ల పన్ను మాత్రం అభ్యంతరం తేలేదాకా ఆపకుండా కట్టేయాలి, లేకపోతే వాటి మీదా పెనాల్టీ పెరుగుతుంది. ఆ కాగితం చదివి ఏది సరైనదో, ఏది కాదో చెప్పగలిగే మనిషి ఒకడు ప్రతి సంఘం ఆఫీసులో వారానికి ఒక పూటైనా కూర్చోవాలని కోరుతున్నాం.

ఇట్లు,
రవాణా బండ్ల కాగితాల పని చేసే కొందరు